గంగకు ఎదురెళ్ళి నాశిక్ చూడటం ఎలా

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మా ధర్మాబాద్ మిర్చి మార్కెట్లో ఎవరికి నాశిక్ ప్రయాణం పడినా ముందు నా బల్ల దగ్గరికే వస్తారు. ఒక అడత్ (కమీషన్ వ్యాపారం) దుకాణంలో ముప్పై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. మా అమ్మాయిని నాశిక్ ఇచ్చాం, అల్లుడికి అంబడ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉద్యోగం. మనవడి పుట్టినరోజుకనీ, వియ్యంకుడి షష్టిపూర్తికనీ, ఊరికే చూడాలనిపించిందనీ ఏడెనిమిదిసార్లు వెళ్ళొచ్చాను. “అన్నా, రెండు రోజులుంటం. ఏం చూడాలె?” అని అడుగుతారు. ప్రతిసారీ చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

వెళ్ళొచ్చినవాళ్ళను చూస్తే రెండే రకాలు. పెద్దవాళ్ళు త్ర్యంబకేశ్వర్ దర్శనం చేసుకుని, రామకుండంలో మూడు మునకలేసి, చివడా పొట్లాలతో దిగుతారు. కుర్రాళ్ళు వైనరీలో గ్లాసు పట్టుకుని ఫోటోలు దిగి వస్తారు. పెద్దవాళ్ళకు అది గుడి ఊరు, కుర్రాళ్ళకు వైన్ ఊరు. ఆ గుడికీ ఆ ద్రాక్షతోటకీ నీళ్ళు ఒక్క చోటినుంచే వస్తున్నాయని ఇద్దరికీ పట్టదు. నా పద్ధతి నీళ్ళ వెంబడి పోవడం. మనం కిందివాళ్ళం. మా ఊరి పక్కనున్న బాబ్లీ బ్యారేజీ దగ్గర మనకు దొరికే గంగ పైన ఏం చేసుకుంటూ వస్తోందో చూస్తే నాశిక్ దానంతటదే అర్థమవుతుంది. గంగ అంటున్నానని ఆశ్చర్యపోకండి. మా వైపు ఎవరూ గోదావరి అనరు, గంగే. విచిత్రం ఏమిటంటే నాశిక్ ఘాట్ మీద వాళ్ళూ గంగే అంటారు.

ముందు ఎప్పుడు వెళ్ళాలో చెప్తాను. జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా అయితే తోటల్లో గెలలు ఉంటాయి, వైనరీల్లో కోత నడుస్తుంటుంది, పొద్దున చలి ఉంటుంది. నాశిక్ సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల ఎత్తున ఉంది. పక్కనున్న నిఫాడ్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు ఒక్కోసారి పది డిగ్రీలకంటే కిందికి పోతాయి. ఆ చలీ, పగటి ఎండా కలిసే ద్రాక్షకు రుచి. వానాకాలంలో వెళ్తే కొండలు పచ్చగా ఉంటాయి, తోటలు మాత్రం ఖాళీ. పుష్కరాల సంగతి వేరు. గురుడు సింహరాశిలోకి వస్తే మనకు గోదావరి పుష్కరాలు, వాళ్ళకు సింహస్థ కుంభమేళా. రెండూ ఒకే లెక్క. 2003లో, 2015లో రెండూ అలాగే వచ్చాయి. మనది పన్నెండు రోజుల్లో అయిపోతుంది, వాళ్ళది ఏడాది దాటి సాగుతుంది. ఈసారి పెద్ద స్నానాలు 2027 ఆగస్టు, సెప్టెంబర్లలో. మీది స్నానానికి వెళ్ళే ప్రయాణం కాకపోతే ఆ రెండు నెలలూ నాశిక్ పేరెత్తకండి. 2003 మేళాలో తొక్కిసలాటలో 39 మంది పోయారు. ఆ ఘాట్ మీద నిలబడితే మెట్లు ఎంత ఇరుకో తెలుస్తుంది.

రైలు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ మన ఊళ్ళోనే ఆగుతుంది, సుఖంగా పడుకోవచ్చు, కానీ నాశిక్ రోడ్‌లో ఇంకా చీకటి ఉండగానే దింపేస్తుంది. అసలు ఊరు అక్కడికి ఎనిమిదితొమ్మిది కిలోమీటర్లు. మొదటిసారి నేను అలాగే దిగి, ఆటోవాడు చెప్పినంత ఇచ్చి, అమ్మాయి ఇంటి తలుపు కొట్టి వీధి కుక్కలన్నిటినీ లేపాను. అప్పటినుంచి పగటి బండే. నాందేడ్ వెళ్ళి తపోవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. లేదా మన దగ్గరే బయలుదేరే మరాఠ్వాడా ఎక్స్‌ప్రెస్‌లో మన్మాడ్ దాకా పోయి అక్కడ బండి మారండి. వేళలు మారుతుంటాయి, టికెట్ తీసేటప్పుడు చూసుకోండి. దాదాపు 500 కిలోమీటర్లు, రోజంతా పోతుంది. పోనివ్వండి. ఎందుకంటే మన్మాడ్ దాటాక కిటికీలోంచి చూడాల్సింది ఉంది.

ముందు లాసల్‌గావ్ వస్తుంది. దేశంలో ఉల్లి ధర పెరిగినా పడినా టీవీలో వినిపించే పేరు అదే. తర్వాత నిఫాడ్. అక్కడినుంచి పట్టాలకు రెండు పక్కలా తీగెల తోటలు మొదలవుతాయి. ఇనుప కోణాలు, వాటిమీద తీగెలు, కింద నల్లటి డ్రిప్ పైపు. మరాఠ్వాడాలో పత్తి, సోయా చూసి చూసి వచ్చిన కళ్ళకు ఇది వేరే దేశంలా ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోండి: ఈ కనిపించేవి దాదాపు అన్నీ తినే ద్రాక్ష తోటలే, వైన్‌వి కావు. థాంప్సన్, సోనాకా, శరద్ లాంటి గింజలేని రకాలు. నాశిక్‌ను వైన్ రాజధాని అంటారు గానీ, జిల్లాలో పండే పంటలో వైన్‌కు పోయేది చాలా కొంచెం. పేరు వైన్‌ది, బరువంతా తినే ద్రాక్షది. మా మార్కెట్లో కూడా అంతే, బోర్డు మీద పేరు ఒకటి, బస్తాలు మోసేది ఇంకొకటి.

మొదటి రోజు పొద్దున్నే రామకుండానికి వెళ్ళండి. ఆరు గంటలకల్లా అక్కడుంటే మంచిది. అస్తికలు కలిపేవాళ్ళు, ఇత్తడి చెంబులు అమ్మేవాళ్ళు, స్నానం చేసి వణుకుతున్న ముసలమ్మలు ఉంటారు. ఎవరైనా వచ్చి చేతికి దారం కట్టబోతే ఆపి, ముందు ఎంతో అడగండి. నేను అడగలేదు. గోత్రం చెప్పించుకుని, తాతముత్తాతల పేర్లన్నీ పలికించుకుని, చివర్లో పదకొండువందలు అన్నాడు. చేతిలో దర్భ, చుట్టూ జనం. లెక్కలు రాసే మనిషిని, నోరు మెదపకుండా ఇచ్చేసి వచ్చాను. సంకల్పానికి ముందే ధర మాట్లాడుకోవడం పాపమేమీ కాదు.

అక్కడినుంచి కాస్త దిగువకు నడిస్తే నీళ్ళ ఒడ్డునే నిలువెత్తు మారుతి విగ్రహం. రెండు ముఖాలు. దుతోండ్యా మారుతి అంటారు. నాశిక్ జనం వరదను మీటర్లలో చెప్పుకోరు, ఈ మారుతితో కొలుస్తారు. కాళ్ళు తడిస్తే మామూలే, నడుము దాకా వస్తే దుకాణాలు సర్దుతారు, మెడ దాకా వచ్చిందంటే ఊరికి టెన్షన్. పైన గంగాపూర్ డ్యాం గేట్లు ఎత్తినప్పుడల్లా మా అమ్మాయి పంపే ఫోటో ఈ మారుతిదే. ఆ నీళ్ళు ఎన్ని రోజులకు బాబ్లీ చేరతాయని మా దుకాణంలో పందేలు కూడా కాశాం. మధ్యలో పైఠణ్ దగ్గర జాయక్‌వాడీ జలాశయం ఉంది, అది నిండితే తప్ప ఇటు దాకా రావని తెలిసీ.

ఈ ఒడ్డు పంచవటి. శూర్పణఖ నాసిక కోసింది ఇక్కడేనని, అందుకే ఆ పేరని చెప్తారు. తొమ్మిది గుట్టల మీద కట్టిన ఊరు గనుక నవశిఖ అని ఇంకో కథ. మొగలాయీల కాలంలో దీని పేరు గుల్షనాబాద్, పూలతోటల ఊరు. పేష్వాలు వచ్చాక మళ్ళీ నాశిక్. ఇప్పుడు మీరు చూసే పాత నాశిక్ రూపం, ఘాట్లు, రాతి గుళ్ళు, చెక్క స్తంభాల వాడాలు (పాతకాలపు పెద్ద ఇళ్ళు), చాలావరకు ఆ పేష్వాల నాటివి. సర్దార్ రంగారావు ఓఢేకర్ కట్టించిన కాలారామ్ మందిరం అందులో పెద్దది. నల్లరాయి గోడలు, లోపల నల్లటి రాముడు.

కాలారామ్ గుళ్ళో దండం పెట్టుకుని వెంటనే బయటపడకండి. ద్వారం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1930 మార్చి 2న అంబేద్కర్ నాయకత్వంలో దళితులు వేల సంఖ్యలో ఈ ద్వారాల దగ్గరికి వచ్చారు, లోపలికి రానివ్వమని. ద్వారాలు మూశారు. ఒకరోజు కాదు, ఆ సత్యాగ్రహం ఐదేళ్ళు సాగింది. తెరవలేదు. 1935 అక్టోబర్ 13న ఇదే జిల్లాలోని యేవలాలో ఆయన, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అన్నారు. పైఠణీ చీరలకు వెళ్తారే, ఆ యేవలాయే. మా అల్లుడు మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు, “మామా, ఈ ఊరికి గుడి తలుపులు తెరవడం తెలుసు, మూయడం కూడా తెలుసు” అన్నాడు. తక్కువ మాట్లాడే మనిషి, మాట్లాడితే ఇలాగే ఉంటుంది.

పాత ఊళ్ళో రాగి, ఇత్తడి బజారు ఒక గంట నడవండి. బుధవారం అయితే ఒడ్డునే సంత. తర్వాత తినడం: మిసల్ పావ్, అంటే మొలకల కూర, పావ్ రొట్టె. ఎర్రటి నూనె తేలే రసాన్ని చూసి మన మిర్చివాళ్ళు సంబరపడతారు. తొందరపడకండి, రంగే గానీ ఘాటు లేదు. పక్కన అప్పడం, పెరుగు ఎందుకు ఇస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తోటల మధ్య బల్లలు వేసి మిసల్ పెట్టడం ఇప్పుడక్కడ పెద్ద వ్యాపారం, ఆదివారం పొద్దున ఊరంతా అక్కడే.

మధ్యాహ్నం ఎండ తగ్గాక పాండవలేణి. ముంబై రోడ్డు మీద, ఊరినుంచి ఎనిమిది కిలోమీటర్లు. రెండువందల మెట్ల దాకా ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మధ్యలో కూర్చుంటూ ఎక్కండి కానీ ఎక్కకుండా రాకండి. కింద దాదాసాహెబ్ ఫాల్కే స్మారకం ఉంది. మన దేశానికి సినిమా నేర్పిన ఆయన పుట్టింది త్ర్యంబక్‌లో. పిల్లలుంటే అక్కడ వదిలేసి మీరు పైకి పోవచ్చు.

పేరు పాండవులది, గుహలు బౌద్ధులవి. మొత్తం 24. పాండవులకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. సంబంధం ఉన్నది మనకు. మూడో గుహలో గౌతమీ బాలశ్రీ శాసనం ఉంది. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి పోయాక, మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట ఆ తల్లి చెక్కించింది. శకులను, యవనులను, పహ్లవులను అణచినవాడనీ, అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయనీ. బడిలో శాతవాహనులని చదువుకున్నదాంట్లో చాలా ఈ గోడ మీదినుంచి వచ్చిందే. నాశిక్, పైఠణ్, మన తెలంగాణలో కోటిలింగాల, మూడు శాతవాహన జాగాలూ ఈ ఒక్క గంగ ఒడ్డునే ఉన్నాయి. పైఠణ్ వాళ్ళ రాజధాని, కోటిలింగాలలో ఆ వంశం మొదటి రాజు నాణేలు దొరికాయి.

కానీ నన్ను పట్టి కూర్చోబెట్టింది మూడో గుహ కాదు, పదో గుహ. అది శాతవాహనుల శత్రువులది. శక రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు తొలిపించాడు. వసారా గోడ మీద అతని దానాల లెక్క ఉంది. బ్రాహ్మీ లిపి, ప్రాకృతం, నాకు ఒక్క అక్షరం రాదు. అల్లుడు ఫోన్‌లో అర్థం చదివి చెప్పాడు. గుహలో ఉండే భిక్షువుల కోసం ఇతను 3000 కార్షాపణాలు (ఆనాటి నాణేలు) ఇచ్చాడు. చేతికివ్వలేదు, గోవర్ధనం ఊళ్ళో నేతగాళ్ళ సంఘాల దగ్గర వడ్డీకి వేశాడు. ఒక సంఘం దగ్గర 2000, నెలకు నూటికి ఒకటి. ఇంకో సంఘం దగ్గర 1000, నూటికి ముప్పావు. అసలు ఎన్నడూ వెనక్కి తీయకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి.

“ఏమన్నావ్?” అని మళ్ళీ చదివించుకున్నాను. మనం రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ అంటామే, అచ్చంగా అవే! రెండువేలకు రూపాయి వడ్డీ అంటే నెలకు ఇరవై, ఏడాదికి 240. శాసనంలో ఉన్నది ఇరవైమంది భిక్షువులకు తలా పన్నెండు, బట్టల ఖర్చుకు. ఇరవై పన్నెండ్లు 240. పైసా తేడా లేదు. ఇంచుమించు పంతొమ్మిదివందల ఏళ్ళ నాటి చిట్టా, ఆవర్జా సరిపోయింది. మా దుకాణంలో నిరుడు దీపావళి లెక్క సరిపోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ గుహలో నేలమీద కూర్చుని వేళ్ళమీద లెక్కేసుకుంటుంటే పక్కనున్న కాలేజీ పిల్లలు జపం అనుకున్నారు.

ఈ మామాఅల్లుళ్ళ కథకు ఇంకో ముక్క ఉంది. 1906లో నాశిక్ దగ్గర జోగల్‌థెంబీలో ఒక నిధి దొరికింది. 13 వేలకు పైగా వెండి నాణేలు, అన్నీ నహపానుడివే. అందులో తొమ్మిదివేల పైచిలుకు నాణేల మీద గౌతమీపుత్రుడు తన గుర్తు మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు డబ్బును కరిగించకుండా, పైన ముద్ర వేసి చెలామణి చేశాడన్నమాట. ఆ ముద్రల ఊళ్ళోనే ఇప్పుడు మన నోట్లు అచ్చవుతున్నాయి. నాశిక్ రోడ్‌లో కరెన్సీ నోట్ ప్రెస్ 1928 నుంచి నడుస్తోంది. లోపలికి పోనివ్వరు, గోడ చూసి రావాలి.

రెండో రోజు గోవర్ధన్. అవును, ఆ శాసనంలోని గోవర్ధనమే. ఊరికి పడమర గంగాపూర్ రోడ్డు మీద అదే పేరుతో ఇప్పటికీ ఊరుంది. నేతగాళ్ళ సంఘాలు డబ్బు తిప్పిన ఆ ఊరి పొలిమేరలోనే సూలా వైనరీ ఉంది. డ్యాం నీళ్ళకు దగ్గరలో.

వైన్ గురించి మనవాళ్ళకు ముందుగా ఒక మాట చెప్పాలి. సరిహద్దు దాటి బాసర, బోధన్ పోతే ప్రతి సందు చివరా ‘వైన్స్’ బోర్డు. అందులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అందుకే నాశిక్‌లో వైనరీ అంటే మా బావమరిది పెద్ద సారాదుకాణం అనుకున్నాడు. వైనరీ అంటే పాలడెయిరీ లాంటిది. కడిగిన నేల, స్టీలు ట్యాంకులు, పైపులు. మత్తు కోసం వెళ్తే డబ్బు దండగ.

సూలా కథ చిన్నది. రాజీవ్ సామంత్ అమెరికాలో చదివి, అక్కడ కొలువు చేసి తిరిగొచ్చి, కుటుంబానికున్న భూమిలో మామిడి, ద్రాక్ష అంటూ రకరకాలు ప్రయత్నించి, 1990ల చివర్లో వైన్ ద్రాక్ష నాటాడు. మొదటి వైన్ 2000లో వచ్చింది. తల్లి సులభ పేరునుంచి సూలా. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ పాలసీ తెచ్చి పన్ను రాయితీలిచ్చాక ఒకదాని వెనుక ఒకటి వైనరీలు లేచాయి. వించూర్‌లో ప్రభుత్వమే వైన్ పార్కు పెట్టింది. ఫ్రెంచి కంపెనీ షాందోన్ దిండోరీకి వచ్చింది. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మనిస్తామని ప్రభుత్వం ప్రకటిస్తే రాష్ట్రమంతా గొడవైంది, ఆ సంగతి అక్కడే ఆగిపోయింది. ద్రాక్ష రైతు మేలని ఒకరు, ఇళ్ళు కూలతాయని ఇంకొకరు. మా ఇంట్లో కూడా రెండు పార్టీలే.

వెళ్ళేటప్పుడు శని, ఆదివారాలు వద్దు. ముంబై కార్లు వచ్చి వాలతాయి. మంగళ, బుధవారాల్లో పొద్దున మొదటి టూర్‌కు ముందే బుక్ చేసుకోండి. మహారాష్ట్రలో వైన్‌కు 21 ఏళ్ళు నిండాలి, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఆటోను రానూపోనూ మాట్లాడుకోండి, తిరిగొచ్చేటప్పుడు దొరకవు. బండి నడిపేవాడు రుచి చూడకూడదు.

ముందు తోట చూడండి. గెల పట్టుకుని చూస్తే తేడా అక్కడే తెలుస్తుంది. తినే ద్రాక్ష పొడుగు, పెద్దది, తోలు పల్చన, గింజ ఉండదు. ఎగుమతి చేసే రైతు పండు 18 మిల్లీమీటర్లు వచ్చిందా అని రింగు పెట్టి కొలుచుకుంటాడు. వైన్ ద్రాక్ష బఠాణీ అంత. తోలు మందం, లోపల గింజలు, నోట్లో వేసుకుంటే తీపి గొంతుకు అంటుకుంటుంది. ఆ తీపే ఈస్టుకు తిండి, అదే మత్తవుతుంది. చల్లటి దేశాల్లో తీగె చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. ఇక్కడ నిద్ర లేదు. కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబర్ చుట్టూ మళ్ళీ పండు కోసం. ఆ రెండో కత్తిరింపు తర్వాత అకాల వర్షం పడితే రైతు ఏడాది పోయినట్టే. నవంబర్‌లో మబ్బు పడితే మా వియ్యంకుడి తమ్ముడు ఫోన్ ఎత్తడు. అతనికి నిఫాడ్ దగ్గర నాలుగెకరాల తోట ఉంది.

లోపల ట్యాంకు మీద చేయి పెట్టి చూడండి, పెట్టనిస్తే. తెల్ల వైన్ ట్యాంకు ఫ్రిజ్‌లా జిల్లుమంటుంది. రసాన్ని మాత్రమే పిండి చల్లగా పులియబెడతారు. ఎర్రదానికి తోలుతో సహా వేస్తారు, రంగంతా తోలుదే. కొన్నిటిని ఓక్ పీపాల్లో పెడతారు. ఒక్కో పీపా 225 లీటర్లు. ఆ గదిలో వాసన పాత చెక్క బీరువా తెరిచినట్టుంటుంది.

ఇక రుచి చూడటం. గైడ్ పిల్లాడు ఇంగ్లీషులో చాలా చెప్తాడు, కంగారు పడకండి. మిర్చి కొనేవాడు చేసే పనే ఇది. మనం ఏం చేస్తాం? కాయను వెలుగులో పెట్టి రంగు చూస్తాం, తాలు ఉందేమో చూస్తాం. విరుస్తాం. ముక్కు దగ్గర పెడతాం. చివరికి నాలుక మీద. ఇక్కడా అదే వరస. గ్లాసును కింది కాడ పట్టుకోండి, గిన్నె భాగం పట్టుకుంటే చేతి వేడి తగులుతుంది. తెల్లకాగితం ముందు పెట్టి రంగు చూడండి. మెల్లగా తిప్పండి, అది విరవడం లాంటిది, వాసన లేస్తుంది. ముక్కు లోపలికి పెట్టి పీల్చండి. అప్పుడు చిన్న గుక్క, నోరంతా తిప్పి మింగండి లేదా పక్కనున్న గిన్నెలో ఉమ్మేయండి. ఉమ్మితే ఎవరూ ఏమీ అనుకోరు, మన బీట్‌లో (వేలంపాటలో) కొరికి చూసి ఉమ్మడం లేదూ! వరసగా ఐదారు రకాలిస్తారు. అన్నీ మింగితే చివరిదాని రుచి తెలియదు.

నాకు చెనిన్ బ్లాంక్ నచ్చింది, జామపండు వాసన. షిరాజ్‌లో మిరియం ఉంది, నిజంగానే. సోవిన్యాన్ బ్లాంక్‌లో పచ్చిమిర్చి వాసన వస్తుందని గైడ్ అంటే మా బావమరిది, “ఇంత దూరం వచ్చింది దీనికా?” అన్నాడు.

సీసా తెచ్చుకోవాలంటే నా తప్పు చేయకండి. మార్చిలో ఒక ఎర్ర వైన్ సీసా కొని, దసరాకు తెరుద్దామని ఇనుప బీరువా మీద నిలబెట్టాను. మన ధర్మాబాద్ మే నెల మీకు తెలుసు. ఎండకు లోపలి ద్రవం ఉబ్బి బిరడాను వేలెడంత పైకి నెట్టింది, బీరువా పక్కన ఎర్రటి చార. దసరాకు తెరిస్తే ఉడికిన రేగుపళ్ళ వాసన. మా ఆవిడ చూసి, “చింతపండుకు బదులన్నా పనికొస్తదా?” అంది, రాలేదు. చల్లటి చోట అడ్డంగా పడుకోబెట్టాలి, లేదంటే తెచ్చిన నెలలోపే తాగేయాలి. సరిహద్దు దాటి తెలంగాణలోకి తీసుకెళ్ళేవాళ్ళు ఎక్సైజ్ నిబంధనలు ముందే కనుక్కోండి.

వైనరీనుంచి బయటకొచ్చాక ఆటోను గంగాపూర్ డ్యాం దగ్గర ఆపమనండి. రాయి లేదు, పొడుగాటి మట్టికట్ట. 1965లో పూర్తయింది. ఇక్కడ కాసేపు నిలబడాలి, ముఖ్యంగా మనవాళ్ళు. ఈ నీళ్ళే ఊరి కుళాయికీ, ఫ్యాక్టరీలకూ, కింది తోటల డ్రిప్పుకూ, రామకుండంలో మునకకూ. మిగిలినవి జాయక్‌వాడీకి. కరువు ఏట అక్టోబర్ 15 నాటికి జాయక్‌వాడీ 65 శాతం నిండకపోతే పైన నాశిక్, అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) డ్యాంలు నీళ్ళు వదలాలని రూలు. వదిలే రోజున నాశిక్ రైతులు రోడ్డెక్కుతారు, వదలకపోతే మన మరాఠ్వాడావాళ్ళు ఎక్కుతారు. ఒకసారి భోజనాల దగ్గర ఈ మాట వచ్చి నేనూ వియ్యంకుడూ గొంతు పెంచాం. “మీ ద్రాక్షకు మా తాగునీళ్ళా?” అన్నాను. ఆయన తాపీగా, “మరి బాబ్లీ కట్టి మీరు తెలంగాణకు ఏం చేశారు బావగారూ?” అన్నాడు.

సమాధానం లేదు. బాబ్లీ మా ఊరి పక్కనే. 2010 జులైలో చంద్రబాబునాయుడు దాన్ని చూస్తానని వస్తే అరెస్టు చేసి మా ధర్మాబాద్ ఐ.టి.ఐ.లోనే పెట్టారు. మార్కెట్ బంద్, ఎటు చూసినా పోలీసులు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచుతున్నారు. పైవాడి మీద అరిచేవాడు కిందివాడికి పైవాడేనని ఆ రోజు అన్నం ముందు తెలిసింది. అమ్మాయి పెరుగు వడ్డించి మాట మార్చింది.

సాయంత్రం వీలుంటే త్ర్యంబక్. 28 కిలోమీటర్లు, బస్సులు బోలెడు. బ్రహ్మగిరి మీద గంగ పుడుతుంది. గుడి నానాసాహెబ్ పేష్వా కట్టించింది. కాలసర్ప పూజ, నారాయణ నాగబలి చేయించేవాళ్ళు తామ్రపత్రం (రాగిరేకు మీద రాసిన హక్కుపత్రం) ఉన్న పురోహితుల దగ్గరికే వెళ్ళండి, రామకుండంలో నాకు జరిగింది గుర్తుంచుకోండి. దారిలో అంజనేరి కొండ కనిపిస్తుంది, హనుమంతుడు పుట్టింది అక్కడేనంటారు. 2021లో టి.టి.డి. తిరుమల అంజనాద్రి అని ప్రకటించింది, హంపీవాళ్ళు మాదంటారు. బస్సులో ఈ చర్చ పెట్టకండి.

చివరగా ద్రాక్ష తెచ్చుకోవడం, ఇది అందరూ పాడుచేసే పని. స్టేషన్ దగ్గర కొనకండి. పొద్దున్నే తోట దగ్గర రోడ్డుపక్క బల్లల మీద కొనండి. గెల కాడ పచ్చగా ఉండాలి, గోధుమరంగు తిరిగితే కోసి రెండు రోజులైనట్టు. పండు మీద తెల్లటి పొడి ఉండాలి, తుడిచి మెరిపిస్తే వద్దు. గెల పట్టుకుని ఒక్కసారి దులపండి, రాలితే వద్దు. అట్టపెట్టెలో కాగితం పరిచి గెలలు ఒకే వరస పేర్చండి, ఒకదానిమీద ఒకటి వద్దు. ప్లాస్టిక్ సంచి అసలే వద్దు, చెమ్మపట్టి పర్భణీ దాటేలోపు పులుస్తాయి. రైల్లో పైబెర్తు మీద ఫ్యాను గాలి తగిలేచోట పెట్టండి. కింద పెడితే ఎవరో ఒకరు కాళ్ళు పెడతారు. కడగకుండా తేవాలి, ఇంటికొచ్చాక ఉప్పునీళ్ళలో అరగంట నానబెట్టి కడగాలి.

రెండు కిలోలు ఎక్కువే తెండి. నాందేడ్‌లో బండి ఆగేసరికి ఎదురు సీటు పిల్లలకు సగం పోతాయి, మన గుమ్మం దగ్గర పక్కింటివాళ్ళు నిలబడే ఉంటారు.